ఏ పింగ్ గురించి మాట్లాడుతున్నాం?

కర్నూలులో ఒక ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయిందని కబురు పెడితే, కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రవాడు వచ్చి, ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచి, అందులో ఒకదాని కింద ఒకటి పడుతున్న వరుసలను చూసి "పింగ్ వస్తాంది సార్, లైను బాగానే ఉంది" అంటాడు. అదే ఇంట్లో ఫోనులో ఆట ఆడుతున్న పిల్లవాడు "పింగ్ ఎక్కువొస్తాంది, అందుకే చచ్చిపోయినా" అని విసుక్కుంటాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన వాళ్ల అక్క ఫోనులో ఎవరితోనో "రేపు పదకొండు గంటలకు నాకు పింగ్ చేయండి" అంటుంది. మొదటివాడి లెక్కలో పింగ్ రావడం శుభవార్త, రెండోవాడి లెక్కలో అది పెరగడం కీడు, మూడో మనిషికి అది ఒక పలకరింపు.

వార్తాపత్రిక తెరిస్తే ఇంకో రెండు మూడు పింగులు ఎదురవుతాయి. తప్పిపోయిన మనిషి సెల్‌ఫోన్ చివరి పింగ్ ఏ టవర్ పరిధిలో పడిందో పోలీసులు తేల్చారని ఒక వార్త వస్తుంది. సముద్రంలో కూలిన విమానం బ్లాక్‌బాక్స్ నుంచి పింగ్ వినిపించిందని మరొక వార్త వస్తుంది. ఇన్నిచోట్ల ఒకే మాట వాడుతూ ఉంటే అన్నీ ఒకటేనని అనుకోవడం సహజమే గానీ, ఆ అనుకోవడానికి మూల్యం కూడా చెల్లించవలసి వస్తుంది. పింగ్ తగ్గుతుందన్న ఆశతో నెలనెలా అదనంగా డబ్బు పోసి వేగం ఎక్కువున్న ప్లాన్ తీసుకున్నవారు ఉన్నారు. పింగ్‌కు జవాబు రాలేదు కాబట్టి అవతలి కంప్యూటర్ పనిచేయడం లేదని తీర్మానించేసినవారు ఉన్నారు.

ఈ చిక్కు విప్పడానికి మూడు ప్రశ్నలు చాలునని నా అభిప్రాయం. చప్పుడు ఎవరు చేశారు? దానికి తిరుగు జవాబు రావాలా, అక్కర్లేదా? వచ్చేటట్లయితే, ఆ రాకకు పట్టిన సమయాన్ని ఎవరైనా కొలుస్తున్నారా? ఈ మూడింటికీ సమాధానం దొరికితే ఏ పింగ్ గురించి మాట్లాడుతున్నామో ఇట్టే తెలిసిపోతుంది.

మొదట ఇది వట్టి చప్పుడు. తుపాకీ గుండు గట్టి వస్తువుకు తగిలినప్పుడు వచ్చే సన్నని, పదునైన మోతను అనుకరిస్తూ ఈ మాట 19వ శతాబ్దంలో ఇంగ్లీషు రాతల్లోకి వచ్చింది. అలాంటి మాటలకు తెలుగులో కొదవ లేదు. గుడిగంట ఖంగుమంటుంది, ఇత్తడి చెంబు జారిపడితే ఠంగుమంటుంది, చిన్న గిన్నెకు చెంచా తగిలితే టింగుమంటుంది. పెద్ద బరువైన వస్తువు మోతకు 'అ'కారం, చిన్న సన్నని వస్తువు మోతకు 'ఇ'కారం రావడం గమనించదగినది. పింగ్ కూడా ఆ ఇకారపు కుటుంబానికి చెందినదే, అందుకే తెలుగు చెవికి అది కొత్తగా తోచలేదు. ఈ మోత ఎలా ఉంటుందో ప్రత్యక్షంగా వినాలనుకునేవారికి బేలం గుహలు దగ్గరలోనే ఉన్నాయి. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండి ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వచ్చిన ఈ గుహల్లో సప్తస్వరాల గుహ అనే భాగాన్ని 2006లో సందర్శకులకు తెరిచారు. అక్కడ పైనుంచి దిగిన సున్నపురాతి ఊడలను కర్రతోనో వేలి కణుపులతోనో తడితే, రాయి మోగినట్టు కాకుండా లోహం మోగినట్టు వినిపిస్తుంది.

వట్టి చప్పుడు దగ్గరే ఆగిపోయిన పింగులు కొన్ని ఉన్నాయి. వాటిలో టేబుల్ టెన్నిస్‌కు ఉన్న పింగ్‌పాంగ్ అనే పేరు అందరికీ తెలిసినది. చైనా ఆటగాళ్ల ఆధిపత్యం వల్లనూ, 1971లో అమెరికా ఆటగాళ్లు చైనా వెళ్లినప్పుడు పుట్టిన పింగ్‌పాంగ్ దౌత్యం అనే మాట వల్లనూ ఇది చైనా పేరని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆట పుట్టింది ఇంగ్లండులో. బంతి ఒకసారి బ్యాటుకూ ఒకసారి బల్లకూ తగిలే చప్పుడును బట్టి ఆ పేరు పెట్టి, 1901లో లండన్ కంపెనీ ఒకటి దాన్ని తన వ్యాపారనామంగా నమోదు చేసుకుంది. 1926లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య పేరులో పింగ్‌పాంగ్ కాకుండా టేబుల్ టెన్నిస్ ఉండడానికి ఆ నమోదు ఒక కారణం. అలాగే 1959లో కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు తాను తయారుచేసిన గోల్ఫ్ కర్ర బంతికి తగిలినప్పుడు వచ్చే మోతనే దానికి పేరుగా పెట్టాడు. పెట్రోలు ఇంజనులో ఇంధనం వేళ తప్పి దానంతట అదే అంటుకున్నప్పుడు వచ్చే టకటక శబ్దాన్ని కూడా ఇంగ్లీషులో పింగింగ్ అంటారు గానీ, మన మెకానిక్కులు దాన్ని నాకింగ్ అనే అంటారు కాబట్టి అక్కడ తికమక లేదు. వీటిలో వేటికీ జవాబు అక్కర్లేదు, ఎవరూ ఏదీ కొలవడం లేదు.

కథ మలుపు తిరిగింది సముద్రంలో.

గండికోట అంచున నిలబడి పెన్నా లోయ అవతలి గోడ వైపు గట్టిగా కేక వేస్తే, కాస్త ఆగి ఆ కేక తిరిగి వస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కేకకూ దాని మారుమోతకూ మధ్య సరిగ్గా ఒక సెకను గడిచిందనుకుంటే, ధ్వని రానూపోనూ 340 మీటర్లు తిరిగింది కాబట్టి, అవతలి గోడ సుమారు 170 మీటర్ల దూరంలో ఉన్నట్టు. టేపు పట్టకుండా, లోయ దాటకుండా, కేవలం ఆగి వినడం వల్ల దూరం తెలిసిపోయింది. నీటిలో ధ్వని ఇంకా వేగంగా, సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు ఓడలను ముంచుతున్నప్పుడు, ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ క్వార్ట్జ్ స్ఫటికాలతో నీటిలోకి ధ్వని తరంగాలు పంపి, వాటి మారుమోతను పట్టే పరికరాన్ని 1917 నాటికి పనిచేయించాడు. దీన్ని బ్రిటిష్ నౌకాదళం ఆస్డిక్ అన్నది, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్లు సోనార్ అన్నారు. ఓడలోని ఆపరేటరు చెవికి వినిపించే ఆ క్షణకాలపు ధ్వనికి నావికులు పెట్టుకున్న పేరే పింగ్. పంపిన పింగ్ నాలుగు సెకన్లకు తిరిగి వస్తే, అది నీటిలో 6,000 మీటర్లు తిరిగిందని, అడ్డుగా ఉన్న వస్తువు మూడు కిలోమీటర్ల దూరంలో ఉందని లెక్క.

ఇక్కడ మాట అర్థం మారిపోయింది. మోత పేరు కాస్తా ఒక పద్ధతికి పేరయింది: పంపు, ఆగు, విను, కొలువు. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది కూడా ఉంది. పింగ్ పంపినవాడు తాను ఎక్కడున్నాడో చాటింపు వేసుకున్నట్టే; పైగా అవతలివాడికి ఆ ధ్వని ఒకవైపు ప్రయాణంతోనే చేరుతుంది, పంపినవాడికి రానూపోనూ తిరిగి బాగా నీరసించాక చేరుతుంది. అంటే వెతికేవాడు దొరికించుకోకముందే వెతకబడేవాడికి విషయం తెలిసిపోతుంది. అందుకే జలాంతర్గాములు సాధారణంగా పింగ్ పంపకుండా, ఎదుటి ఓడ ఇంజను చప్పుడును నిశ్శబ్దంగా వింటూ పోతాయి. సినిమాల్లో జలాంతర్గామి కనిపించినప్పుడల్లా నేపథ్యంలో పింగ్ పింగ్‌మని మోగించడం వినడానికి బాగుంటుంది గానీ, నిజంగా అలా మోగించుకుంటూ పోయే జలాంతర్గామి ఎక్కువ దూరం పోదు.

కంప్యూటర్ల పింగ్ ఈ సోనార్ పింగ్‌కు నేరుగా వారసురాలు. 1981 సెప్టెంబరులో ఇంటర్నెట్ నియమావళిలో భాగంగా ఐసీఎంపీ అనే నిబంధనపత్రం వెలువడింది. అందులో ఎకో, ఎకో రిప్లై అనే రెండు రకాల సందేశాలున్నాయి. 8వ రకం సందేశం ఏ కంప్యూటర్‌కు చేరినా, అది అందులోని సమాచారాన్ని ఒక్క అక్షరం మార్చకుండా 0వ రకం సందేశంగా తిప్పి పంపాలి. నియమం ఉంది గానీ దాన్ని సులువుగా వాడుకునే ఉపకరణం లేదు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ అనే ప్రోగ్రామరు, తమ నెట్‌వర్క్‌లో ఏదో తేడా కనిపిస్తే, దాని ఆచూకీ పట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాము హడావుడిగా రాసి దానికి పింగ్ అని పేరు పెట్టాడు. చదువుకునే రోజుల్లో సోనార్, రాడార్ వ్యవస్థల మీద పనిచేసినందువల్ల ఆ మారుమోత సూత్రం తన మనసులో ఉందనీ, సోనార్ చప్పుడు మీదే ఆ పేరు పెట్టాననీ అతనే రాశాడు.

దీన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కర్నూలు, నంద్యాల కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు చదివే ఎవరిని అడిగినా, పింగ్ అంటే ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్ అని తడుముకోకుండా చెబుతారు. ఆ విస్తరణ తరువాత కల్పించినది. డేవిడ్ మిల్స్ అనే మరొక ఇంటర్నెట్ నిర్మాత సూచించినది. మూస్ దృష్టిలో పింగ్ పొడి అక్షరాల కూర్పు కాదు. పరీక్షలో బిట్టుగా వస్తే మాత్రం నాలుగు ఐచ్ఛికాల్లో ఉన్న ఆ విస్తరణకే గుర్తు పెట్టక తప్పదు, మార్కు అక్కడే ఉంటుంది.

మూస్ తనకు బాగా నచ్చిన సంఘటన ఒకటి రాసిపెట్టాడు. ఒకచోట కేబులు ఎక్కడో వదులై నెట్‌వర్క్ వచ్చిపోతూ ఉంటే, అక్కడి ఉద్యోగి ఒకతను ప్రతి జవాబుకూ కంప్యూటర్ పైకి పింగ్ అని పలికేలా చిన్న ఏర్పాటు చేసి, స్పీకర్ల చప్పుడు పెంచి, భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క కనెక్టరునూ కదిలించి చూశాడట. పలకడం ఎక్కడ ఆగిందో అక్కడే లోపం దొరికింది. చప్పుడు నుంచి పుట్టి, సముద్రం మీదుగా తంతుల్లోకి వెళ్లిపోయిన మాట, ఆ పూటకు మళ్లీ చప్పుడైంది.

ఇప్పుడు ఆ నల్లటి తెర మీద పడే వరుసలో ఏముంటుందో దగ్గరగా చూద్దాం. ఇంటి రౌటరును పింగ్ చేస్తే ఇలా ఉంటుంది: 192.168.1.1 నుంచి 64 బైట్లు, వరుస సంఖ్య 1, టీటీఎల్ 64, సమయం 1.2 మిల్లీసెకన్లు. మొదటిది జవాబిచ్చిన యంత్రం చిరునామా. రెండోది వచ్చిన సందేశం పరిమాణం. లినక్స్ అయితే 64 అని, విండోస్ అయితే 32 అని సాధారణంగా చూపిస్తుంది. వరుస సంఖ్యలో మధ్యలో ఒక అంకె ఎగిరిపోతే ఆ సందేశం దారిలో పోయిందని అర్థం. టీటీఎల్ అనేది సందేశానికి ఇచ్చిన ఆయుష్షు. దారిలో దాటిన ప్రతి రౌటరూ దాంట్లోంచి ఒకటి తీసేస్తుంది, సున్నా అయితే సందేశాన్ని పారేస్తుంది. ఇది లేకపోతే దారి తప్పిన సందేశాలు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. ఆఖరి అంకె రానూపోనూ పట్టిన సమయం. విండోస్ నాలుగుసార్లు పంపి ఆగిపోతుంది. లినక్స్ మనం ఆపేదాకా పంపుతూనే ఉంటుంది.

కుర్రవాడు "పింగ్ వస్తాంది" అన్నప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "దేన్ని పింగ్ చేసినావు నాయనా?" ఇంట్లో ఉన్న రౌటరును పింగ్ చేస్తే, ల్యాప్‌టాప్ నుంచి ఆ డబ్బా దాకా ఉన్న దారి మాత్రమే బాగుందని రుజువవుతుంది, అది హాలులోంచి వరండా దాకా ఉన్న దారి. ఆ తరువాత 8.8.8.8 లాంటి బయటి చిరునామాను పింగ్ చేస్తే జవాబు రావాలి. అది వస్తే ఊళ్లోని లైనూ, ఊరి బయటి లైనూ బాగున్నట్టు. అంకెల చిరునామాకు జవాబు వచ్చి, ఏదైనా వెబ్‌సైటు పేరు కొడితే మాత్రం ఆ పేరు దొరకలేదని వస్తూంటే, లోపం తంతుల్లో లేదు, పేరును అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంది. ఈ మూడు మెట్లు ఎక్కకుండా లైను బాగుందని తేల్చేయడం, బాలేదని తేల్చేయడం రెండూ తొందరపాటే.

జవాబు రాకపోవడం విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. 1996, 1997 ప్రాంతాల్లో పింగ్ ఆఫ్ డెత్ అనే దాడి పేరు మోగింది. ఇంటర్నెట్ నియమాల (ఐపీ) ప్రకారం ఒక సందేశం గరిష్ఠ పరిమాణం 65,535 బైట్లు. దానిని మించిన పింగ్‌ను ముక్కలుగా పంపితే, అవతలి కంప్యూటర్ ఆ ముక్కలను అతికించబోయి కుప్పకూలేది. ఆ లోపాన్ని త్వరలోనే సరిచేశారు గానీ, బయటినుంచి వచ్చే పింగ్‌లకు అసలు జవాబే ఇవ్వకూడదనే అలవాటు చాలా సంస్థల్లో స్థిరపడింది. కాబట్టి బ్యాంకు సర్వరో ప్రభుత్వ పోర్టలో పింగ్‌కు పలకకపోయినా బ్రౌజరులో చక్కగా తెరుచుకోవచ్చు. పింగ్‌కు జవాబు వస్తే ఆ యంత్రం ఉన్నట్టే; రాకపోతే లేదని చెప్పలేం.

ఆటగాళ్ల పింగ్ ఇక్కడినుంచే చీలింది. పై వరుసలోని ఆఖరి అంకెను మాత్రమే తీసుకుని, దానికే పింగ్ అని పేరు పెట్టుకున్నారు. అంటే పంపే పని పేరు కాస్తా కొలిచిన రాశికి పేరైంది. అందుకే ఆటలో పింగ్ ఎక్కువ, తక్కువ అంటారు; 30 ఉంటే సంతోషం, 200 ఉంటే శత్రువు మనల్ని కాల్చాక గానీ వాడు మన తెర మీద కనిపించడు. ఈ అంకె అర్థం కావాలంటే దూరాల లెక్క చూడాలి. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు, అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు రోడ్డు దూరం రమారమి రెండు వందల పది కిలోమీటర్లు. తంతువు నేరుగా వేస్తే రానూపోనూ రెండు మిల్లీసెకన్లు చాలు. చెన్నై నుంచి సముద్రం అడుగున సింగపూరు సుమారు 3,000 కిలోమీటర్లు. రానూపోనూ 30 మిల్లీసెకన్లు. అమెరికా తూర్పు తీరం సుమారు 13,000 కిలోమీటర్లు. ఎంత గొప్ప కంపెనీ లైనైనా 130 మిల్లీసెకన్లకు తక్కువలో జవాబు తేలేదు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం మీదుగా పోతే, ఎక్కుతూ దిగుతూ మొత్తం నాలుగుసార్లు ఆ ఎత్తు దాటాలి కాబట్టి దాదాపు అర సెకను పడుతుంది. దారిలో రౌటర్లు, వంకర టింకర మార్గాలు, ఇంట్లో వైఫై కలిపి ఈ అంకెలను పెంచుతాయే తప్ప తగ్గించవు.

ప్లాన్ మార్చితే పింగ్ ఎందుకు తగ్గదో ఇందులోనే ఉంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు ఒక బస్సు బదులు పది బస్సులు ఒకేసారి బయలుదేరదీస్తే ఎక్కువ మంది చేరతారు, కానీ ఎవరూ ముందుగా చేరరు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100 చేయడం బస్సులు పెంచడమే. ఆటకు కావలసింది కొద్దిపాటి సమాచారం త్వరగా చేరడం. అయితే ఒక మినహాయింపు ఉంది: ఇంట్లో ఎవరి ఫోనో పెళ్లి ఫోటోలన్నింటినీ ఒకేసారి క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటే, ఆ సమాచారమంతా రౌటరులో బారులు తీరి, ఆట సందేశం వాటి వెనక నిలబడవలసి వస్తుంది. రాత్రి తొమ్మిదికి 40 ఉన్న పింగ్ ఉన్నట్టుండి 400 కావడానికి ఇలాంటి కారణాలే ఎక్కువ. ఆ సమయంలో ఫోటోల ఎక్కింపు ఆపేయడం, ఫోనును రౌటరుకు దగ్గరగా తెచ్చుకోవడం, ఆటలో దగ్గరి దేశపు సర్వరును ఎంచుకోవడం ఈ మూడూ కొత్త ప్లాన్ కంటే మేలు చేస్తాయి. ఇదే ఆటల్లో పటం మీద ఒక చోటును జట్టువారికి గుర్తుపెట్టి చూపడాన్ని కూడా పింగ్ అంటారు. దానికీ ఈ అంకెకూ సంబంధం లేదు.

పింగ్‌ల తికమక వల్ల ప్రపంచం మొత్తం ఇబ్బందిపడిన సందర్భం 2014 మార్చి 8న మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370. అందులో 239 మంది ఉన్నారు. ఆ వారాల్లో పత్రికలూ టీవీలూ రెండు వేర్వేరు సంగతులను పింగ్ అనే ఒకే మాటతో చెప్పాయి. మొదటిది ఉపగ్రహం సంగతి. విమానం నుంచి చాలాసేపు మాట లేకపోతే, ఇన్‌మార్‌శాట్ అనే ఉపగ్రహ సంస్థ భూకేంద్రం ఉపగ్రహం మీదుగా ఉన్నావా అని అడుగుతుంది, విమానంలోని పరికరం దానంతట అదే ఉన్నానని జవాబిస్తుంది. ఇంజనీర్లు దీన్ని హ్యాండ్‌షేక్ అంటారు. విమానం రాడార్ నుంచి మాయమయ్యాక కూడా గంటల తరబడి ఈ జవాబులు వస్తూనే ఉన్నాయి. ఆఖరి సంకేతం మలేసియా కాలమానం ప్రకారం ఉదయం 8:19కి వచ్చింది. జవాబుకు పట్టిన సమయాన్ని బట్టి విమానం ఉపగ్రహానికి ఎంత దూరంలో ఉందో తేలింది; దూరం తెలిసింది గానీ దిక్కు తెలియలేదు కాబట్టి, భూమి మీద గీసిన వంపు గీతల్లో ఏదో ఒక చోట ఉండి ఉండాలన్నంత వరకే చెప్పగలిగారు. గండికోట కేకలో ఉన్న లెక్కే ఇది, ధ్వని బదులు రేడియో తరంగాలు.

రెండోది సముద్రం అడుగు సంగతి. బ్లాక్‌బాక్స్‌కు అమర్చిన చిన్న పరికరం నీళ్లలో పడగానే 37.5 కిలోహెర్ట్జ్ వద్ద సెకనుకొకసారి చప్పుడు చేస్తూ పోతుంది. దానికి ఎవరి జవాబుతోనూ పని లేదు. బ్యాటరీ ఉన్నంతకాలం, అప్పటి ప్రమాణం ప్రకారం 30 రోజులు, మోగి ఆగిపోతుంది. వినాలంటే కొద్ది కిలోమీటర్ల దూరానికి చేరాలి. ఏప్రిల్‌లో ఓషన్ షీల్డ్ అనే ఆస్ట్రేలియా ఓడ సముద్రంలో కొన్ని సంకేతాలు వినిపించాయని చెప్పడంతో ఆశలు లేచాయి. అవి సుమారు 33 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. ఆ ప్రాంతం అడుగంతా గాలించాక, విమానం అక్కడ లేదని మే నెలాఖరుకు ప్రకటించారు. "పింగ్ దొరికింది" అన్న శీర్షిక చదివిన బంధువులకు ఉపగ్రహపు పింగ్ ఏదో, నీటి అడుగు పింగ్ ఏదో విడదీసి చెప్పినవారు తక్కువ. ఒకదానికి జవాబు ఉంది, దూరం కొలిచారు, అది నిలిచింది. మరొకదానికి జవాబు లేదు, వినడం తప్ప చేయగలిగింది లేదు, అది నిలవలేదు. బ్లాక్‌బాక్స్ పరికరాల బ్యాటరీని ఆ తరువాత 90 రోజులకు పెంచారు.

సెల్‌ఫోన్ పింగ్ గురించి పోలీసు వార్తల్లో వచ్చే మాటకు ఇంత లోతు అక్కర్లేదు గానీ, ఒక భ్రమ తొలగించాలి. ఫోను దగ్గరలోని టవర్లతో అప్పుడప్పుడూ సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. పోలీసులు అడిగితే ఫోను ఏ టవర్ పరిధిలో ఉందో కంపెనీ చెప్పగలదు. నగరంలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వీధుల వరకు తెలుస్తుంది. నల్లమల అంచు ఊళ్లలోనో, అనంతపురం జిల్లా మెట్ట పొలాల మధ్యనో ఒక టవర్ కొన్ని కిలోమీటర్ల మేర పనిచేస్తుంది. అక్కడ టవర్ పింగ్ దొరికిందంటే ఇంటి గుమ్మం దొరికినట్టు కాదు. ఫోను ఆపేస్తే జవాబు ఉండదు, చివరిసారి ఎక్కడ పలికిందో మాత్రమే మిగులుతుంది. బ్రిటన్‌లో 2021 జూలైలో కోవిడ్ యాప్ లక్షలాది మందికి ఇంట్లోనే ఉండమని హెచ్చరికలు పంపినప్పుడు పింగ్‌డెమిక్ అనే మాట పుట్టింది. అక్కడ పింగ్ అంటే ఫోను చేసిన చిన్న మోత, దాని వెనకున్న సలహా.

చివరకు ఆఫీసు పింగ్. సాఫ్ట్‌వేర్ మనుషులు కంప్యూటర్ మాటను మనుషులకు అన్వయించడంతో ఇది మొదలైంది: ఉన్నావా అని అడగడం, ఉన్నానని అనిపించుకోవడం. ఇప్పుడు ఉద్యోగాలతో సంబంధం లేకుండా ఎవరికైనా చిన్న సందేశం పంపడం అని స్థిరపడింది. ఇంగ్లీషు వాక్యంలో సర్వరైనా మనిషైనా ఒకే తీరున కర్మగా వచ్చి కూర్చుంటారు, తేడా కనబడదు. తెలుగు వాడుకలో మాత్రం ప్రత్యయాలు ఆ పనిని ఎవరూ చెప్పకుండానే చేసి పెట్టాయి. గంట పింగుమంటుంది, అక్కడ అను ధాతువు ఉంది కాబట్టి అది చప్పుడు. సర్వర్ని పింగ్ చేస్తాం. అక్కడ ఎక్కువగా ద్వితీయా విభక్తి వస్తుంది, సర్వరు పరీక్షకు గురయ్యే వస్తువు. నాకు పింగ్ చేయండి అంటాం. అక్కడ ఫోన్ చేయండి, ఉత్తరం రాయండి అన్నప్పటిలా 'కు' వస్తుంది, మనిషి అందుకునేవాడు. పింగ్ వస్తోంది అంటే అది జవాబు. పింగ్ ఎక్కువ అంటే అది రాశి. "నన్ను పింగ్ చేయండి" అనే మాట కూడా అక్కడక్కడా వినిపిస్తుంది. నా చెవికి అది పరాయిగా, తనను తానే ఒక యంత్రంగా ఒప్పుకున్నట్టుగా ఉంటుంది.

ఆఫీసు పింగ్‌లో జవాబు బాధ్యత ఎవరిదన్నది ఇంకా తేలని వ్యవహారం. కంప్యూటర్ పింగ్‌కు నియమం ఉంది, వచ్చిన సందేశాన్ని వచ్చినట్టే తిప్పి పంపాలి. మనుషుల్లో "హాయ్ సర్" అని రెండు మాటలు పడేసి ఊరుకునేవారు, అవతలివారు పలికాక గానీ అసలు సంగతి చెప్పరు. ఇది యంత్రాల పద్ధతిని మనుషుల మీద రుద్దడం, పని చేసుకునేవారికి విసుగు. సంగతంతా ఒకేసారి రాసి పంపితే అవతలివారికి వీలున్నప్పుడు ఒకే జవాబుతో పని ముగుస్తుంది.

జవాబుకు పేరు కూడా ఉంది. 1988లో ఫిన్లాండులో పుట్టిన ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థలో సర్వరు అప్పుడప్పుడూ పింగ్ అనే సందేశం పంపుతుంది. సభ్యుడి కంప్యూటర్ దానికి పాంగ్ అని జవాబివ్వాలి. గడువులోగా పాంగ్ రాకపోతే సర్వరు ఆ మనిషిని గదిలోంచి తీసేసి, పింగ్ టైమౌట్ అని మిగిలినవారికి చూపిస్తుంది. 2011లో ఖరారైన వెబ్‌సాకెట్ నియమాల్లోనూ ఈ జంట అదే పేర్లతో ఉంది. మన ఫోనుల్లోని చాట్‌లు, షేరు ధరలు చూపించే పేజీలు, క్రికెట్ స్కోర్లు తాజాగా ఉంచే యాప్‌లు చాలావరకు ఈ పింగ్, పాంగ్‌ల మీదనే కనెక్షన్ తెగకుండా నిలబెట్టుకుంటాయి. బెంగళూరు ఆఫీసుల్లో కొందరు సహోద్యోగి "పింగ్" అని పంపితే "పాంగ్" అని మాత్రం జవాబిస్తారు. చదివాను, ఉన్నాను, విషయం చెప్పు అని దాని అర్థం.